వాయుసేన చరిత్రను బీరువాల్లోంచి బయటికి తీయండి

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రిగారికి, వాయుసేనాధిపతిగారికి, రక్షణ శాఖ చరిత్ర విభాగం అధికారులకు,

నమస్కారం. మామూలుగా అడగాల్సిన పద్ధతిలో అడిగి అడిగి, ఇక వేరే దారి లేక ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను. అర్జీలు పెట్టాను, వాటిని గుర్తుచేస్తూ మళ్లీ ఉత్తరాలు రాశాను. జవాబులైతే వచ్చాయి గానీ నేను అడిగినదానికి మాత్రం సమాధానం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ముఖ్యంగా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చినవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు చదవాలని.

నేను అడిగేది ఇదీ: పాతికేళ్లు దాటిన వాయుసేన రికార్డులను తెరవండి. వాటిలో ఉన్న గ్రౌండ్ క్రూ (నేల మీద ఉండి విమానాలను సిద్ధం చేసే సిబ్బంది) పేర్లను, వాళ్లు చేసిన పనిని అధికారిక చరిత్రలోకి తీసుకురండి. అదీ వాళ్లు బతికుండగానే చేయండి.

వాయుసేన 1932 అక్టోబరు 8న ఏర్పడింది. ఏటా ఆ రోజున ఉత్సవం చేసుకుంటాం. 1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో నంబర్ 1 స్క్వాడ్రన్ మొదలైనప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి నాలుగంటే నాలుగు వాపిటి విమానాలు, అవి కూడా ఆర్మీకి సాయంగా వాడటానికి ఇచ్చినవి. మనుషుల సంగతి చూస్తే బ్రిటన్‌లో శిక్షణ పొందిన అధికారులు ఆరుగురు, హవాయి సిపాయిలు (అంటే గ్రౌండ్ క్రూగా పనిచేసిన వాయుసైనికులు) 19 మంది. ఆరుగురిలో ఒకరైన సుబ్రతో ముఖర్జీ పేరు పోటీ పరీక్షలకు చదివే ప్రతి పిల్లవాడికీ తెలుసు, 1954 ఏప్రిల్ 1న వాయుసేనకు తొలి భారతీయ అధిపతి అయ్యారు కాబట్టి. మరి ఆ 19 మంది ఎవరు? ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఏ జీతానికి చేరారు, తర్వాత ఏమయ్యారు? వాయుసేన గురించి ఇష్టంగా చదివేవాళ్లను అడిగినా ఒక్క హర్జిందర్ సింగ్ పేరు చెప్పి ఆగిపోతారు. ఆయన లాహోర్‌లో ఇంజనీరింగ్ చదివి కూడా హవాయి సిపాయిగా చేరి, చివరికి ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎదిగారు, కాన్పూర్‌లో ఆవ్రో విమానాల తయారీకి పునాది వేశారు. అంతటి స్థాయికి వెళ్లారు కాబట్టి ఆయన పేరు మిగిలింది. వెళ్లనివాళ్ల పేర్లు పోయాయి.

1942 ఫిబ్రవరిలో బర్మాలో జరిగింది చూడండి. జపాన్ విమానాలు వచ్చి టాంగూ స్థావరం మీద బాంబులు వేశాక మజుందార్ నాయకత్వంలోని మన నంబర్ 1 స్క్వాడ్రన్ లైసాండర్ విమానాలతో ఎదురుదాడికి వెళ్లింది. లైసాండర్ అసలు ఆ పనికి చేసిన విమానం కాదు, పరిశీలనకు వాడేది. దానికి బాంబులు తగిలించే ఏర్పాటు అప్పటికప్పుడు చేసింది గ్రౌండ్ క్రూ. మజుందార్ ధైర్యం గొప్పది, అందులో సందేహమే లేదు. కానీ బాంబు తగిలించినవాడు లేకపోతే ఆ ధైర్యంతో ఏం చేసేవాళ్లు? 1947 అక్టోబరు 27 పొద్దున్నే శ్రీనగర్‌లో సిక్కు రెజిమెంట్‌ను దింపిన డకోటా రవాణా విమానాలు, 1948 మేలో జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని మెహర్ సింగ్ లేహ్‌లో దింపిన డకోటా, వీటి గురించి మనం ఎన్నిసార్లు చదివినా పైలట్, ప్రయాణికుడు, ఎత్తు, వాతావరణం ఇవే వస్తాయి. తిరిగొచ్చిన విమానానికి ఆ చలిలో ఇంధనం పోసి, టైర్లు చూసి, మళ్లీ ఎగరడానికి సిద్ధం చేసినవాళ్ల గురించి ఒక్క వాక్యం ఉండదు.

దీనికి కారణం ఎవరి దురుద్దేశమో అని నేను అనను. కాగితం ఎవరి చేతిలో మిగులుతుందన్నదే అసలు విషయం. పైలట్‌కు ఫ్లయింగ్ లాగ్‌బుక్ ఉంటుంది, ఏ రోజు ఏ విమానం ఎన్ని గంటలు నడిపాడో అందులో రాసి ఉంటుంది, రిటైరయ్యాక అది ఆయన ఇంట్లోనే ఉంటుంది, దాన్ని ముందు పెట్టుకుని జ్ఞాపకాలు రాసుకోవచ్చు. ఎయిర్‌మన్, అంటే అధికారి హోదా లేని వాయుసైనికుడి విషయం అలా కాదు. విమానం ఎగరబోయే ముందు ఇంజిన్ ఫిట్టర్ తను చూసింది చూసి ఫారం 700లో సంతకం పెడతాడు, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ సంతకం, ఎలక్ట్రీషియన్ సంతకం, ఆయుధాలు చూసేవాళ్ల సంతకం, అవన్నీ అయ్యాక ఆఖర్న పైలట్ సంతకం చేసి విమానాన్ని తీసుకుంటాడు. ఆ ఫారాలు విమానంతోనే ఉండిపోతాయి, ఎయిర్‌మన్ ఇంటికి రావు. ప్రమాదం జరిగితే ఆ సంతకం ఎవరిదని ముందు వెతుకుతారు. క్షేమంగా తిరిగొస్తే ఆ పేరు మళ్లీ ఎవరూ చూడరు. ఎయిర్‌మన్ చేతికి మిగిలేది సర్వీసు ముగిశాక ఇచ్చే ఒక డిశ్చార్జ్ బుక్, కొన్ని యూనిట్ల పేర్లు, కొన్ని తేదీలు.

రికార్డులు మూసి ఉంచితే పైలట్లకు కూడా అన్యాయమే జరుగుతుంది. 1965 సెప్టెంబరు 7న ఆదంపూర్ నుంచి పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీదికి వెళ్లిన మిస్టేర్ విమానాల్లో స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య తిరిగి రాలేదు. అదే నంబర్ 1 స్క్వాడ్రన్, ఆయనది కొడగు ప్రాంతం. ఆయన చివరి క్షణాల్లో ఏం చేశారో మనవాళ్లకు తెలియలేదు. చాలా ఏళ్ల తర్వాత పాకిస్తాన్ వాయుసేన ఒక బ్రిటిష్ రచయితకు తమ వివరాలు చూపిస్తే, 1979లో ఆయన రాసిన పుస్తకం ద్వారా తెలిసింది ఏమిటంటే, దెబ్బతిన్న తన మిస్టేర్‌తోనే దేవయ్య వెనక్కి తిరిగి, తనకంటే ఎంతో వేగంగా పోయే పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ యుద్ధ విమానాన్ని కూల్చారని. ఆ తర్వాత ఆయన భార్యకు మహావీర్ చక్ర అందింది 1988లో. అంటే 23 ఏళ్లు. మన వీరుడి సంగతి మనకు అవతలివాళ్ల పుస్తకంలోంచి తెలిసింది. ఈ ఒక్క ఉదాహరణ చాలదా, కాగితాలు తెరిస్తే నష్టం కంటే లాభమే ఎక్కువని చెప్పడానికి?

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. పింఛన్లు. ఇది మా ఇంటి సంగతి కూడా. మా నాన్న ఇంజిన్ ఫిట్టర్. చండీగఢ్‌లో కొన్నేళ్లు ఏఎన్-12 రవాణా విమానాల మీద పనిచేశారు. నాలుగు ఇంజిన్ల విమానం అది. లేహ్‌లో దిగాక, అంత ఎత్తులో ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతాయో లేదోనని ఇంజిన్లు తిరుగుతుండగానే సామాను దింపేవాళ్లు. ఆ మోత పక్కనే గంటల తరబడి నిలబడేవాళ్లు, చెవుల్లో దూది పెట్టుకుని. ఇప్పుడు నాన్నకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం వినబడవు. వైకల్య పింఛను రావాలంటే ఆ లోపం సర్వీసు వల్లే వచ్చిందని తేలాలి, అంటే ఆయన ఏ పని దగ్గర ఎంతకాలం ఉన్నారో కాగితం కావాలి. ఒక ఆఫీసుకు రాస్తే అప్పటి యూనిట్ కాగితాలు తమ దగ్గర లేవన్నారు, ఇంకో ఆఫీసుకు రాస్తే అవి రహస్యం అన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి? ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఏదో ఒక ఆఫీసు తప్పు కాదు. సైన్యంలో చేరేటప్పుడు లేని జబ్బు తర్వాత వస్తే అనుమానపు ప్రయోజనం సైనికుడికే దక్కాలని 2013లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా ఎనభై దగ్గరపడ్డ మనిషి తన పాత కాగితం కోసం కోర్టు మెట్లెక్కాల్సిందేనా?

2. తప్పిపోయినవాళ్ల కుటుంబాలు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరిన ఏఎన్-12 విమానం 102 మందితో రోహ్‌తాంగ్ కొండల్లో మాయమైంది. శకలాలు 2003లో కనబడ్డాయి. 2024 సెప్టెంబరు చివర్లో మంచులోంచి మరో నాలుగు దేహాలు తీశారు, 56 ఏళ్లకు. వెంట ఉన్న పత్రాలు, ఆనాటి రికార్డులు పనికొచ్చి కొందరిని గుర్తుపట్టి సొంత ఊళ్లకు చేర్చగలిగారు. ఒక పాత జాబితా జాగ్రత్తగా ఉంటే అర్ధశతాబ్దం తర్వాత కూడా ఒక ఇంటికి తమ మనిషి దొరుకుతాడన్నమాట. ఈ పని చేసిన సైనికులకు, అధికారులకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇదే శ్రద్ధ 1971 యుద్ధంలో తప్పిపోయినవాళ్ల విషయంలో ఎందుకు కనబడదు? 54 మంది అంటూ ఏళ్లుగా వినబడుతున్న ఆ జాబితాలో వాయుసేన వాళ్లు చాలామంది ఉన్నారు. 2007లో వాళ్ల బంధువులు కొందరు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు కూడా చూసి వచ్చారు. తమవాళ్లు చివరిసారి వెళ్లిన విమానం గురించి, చివరి రేడియో మాటల గురించి మీ దగ్గరున్నదంతా ఆ కుటుంబాలకు చూపించాలి.

3. విశాఖ ఇళ్లు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32లో 29 మంది ఉంటే, వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే పౌర ఉద్యోగులు. యూనిఫాం లేనివాళ్లు. ఏడున్నరేళ్లు గడిచాక, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయని ప్రకటించారు. వెతికి కనుక్కున్నందుకు సంతోషం. కానీ వాయుసేన ప్రమాదాల విచారణ నివేదికలు మామూలుగా బయటికి రావు. అసలేం జరిగిందన్నది ఆ ఇళ్లలోవాళ్లకు అర్థమయ్యే భాషలో, ఒక అధికారి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన విషయం. పత్రికా ప్రకటన దానికి సరిపోదు.

4. కార్గిల్. 1999 మే 27న బందీ అయిన పైలట్ నచికేత పేరు మనందరికీ తెలుసు, క్షేమంగా తిరిగొచ్చినందుకు అందరం సంతోషించాం. ఆ మర్నాడే ఎంఐ-17 హెలికాప్టర్ క్షిపణి తగిలి కూలి నలుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు సార్జెంట్లు, ఆర్.కె. సాహు, పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్. ఈ రెండు పేర్లు మీలో ఎంతమంది విన్నారు?

5. పిల్లలు. దుండిగల్ అకాడమీ మన దగ్గరే ఉంది, బేగంపేట, హకీంపేట స్థావరాలు మన దగ్గరే ఉన్నాయి. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతిగా ఉన్న ఇద్రీస్ లతీఫ్ హైదరాబాద్‌లో పుట్టినవారు, దేశ విభజన సమయంలో పాకిస్తాన్ వాయుసేనకు వెళ్లే అవకాశం ఉన్నా ఇక్కడే ఉండిపోయినవారు. ఇంత ఉన్నా, ఎయిర్‌మన్‌గా చేరాలనుకునే మన పల్లెటూరి కుర్రాడికి తన ముందుతరం వాళ్లు ఏం చేశారో తెలుగులో చదువుకోవడానికి మీరు ఏమిచ్చారు? అధికారిక చరిత్ర తెలుగులో లేదు, అందులో అతని ట్రేడు (ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి పని విభాగం) వాళ్లూ లేరు.

భద్రత మాటేమిటని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. ఈరోజు వాడుతున్న రాడార్ల సంగతి, సంకేతాల సంగతి ఎవరూ అడగడం లేదు. వాంపైర్, నాట్, మిస్టేర్ లాంటి పాత యుద్ధ విమానాలను మ్యూజియాల్లో పిల్లలు ముట్టుకుని చూస్తున్నారు. 1963లో వచ్చిన మిగ్-21కు కూడా 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పేశారు. విమానమే బహిరంగంగా నిలబెట్టినప్పుడు, 1965లో దాని పక్కన ఎవరు డ్యూటీలో ఉన్నారన్న హాజరు పట్టీ రహస్యం ఎలా అవుతుంది? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్క్వాడ్రన్లు రోజువారీ రాసుకున్న రికార్డు పుస్తకాలను లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎవరైనా వెళ్లి చూడొచ్చు. మన 1965 యుద్ధ చరిత్రను మీ చరిత్ర విభాగమే 1992 నాటికి సిద్ధం చేసింది, అయినా ప్రచురించకుండా ఉంచారు, ఆఖరికి అది ఇంటర్నెట్‌లోకి ఎక్కాక జనం చదువుకున్నారు. దాచినందువల్ల దేశానికి ఒరిగింది ఏమైనా ఉందా అని మీరే చూడండి. ఇంకో భయం కూడా ఉంది. 1971 యుద్ధానికి సంబంధించిన ఆర్మీ ఈస్టర్న్ కమాండ్ ఫైళ్లు ఎప్పుడో నాశనమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. మూసిపెట్టిన కాగితం భద్రంగానే ఉందని బయటున్న మేం ఎలా నమ్మాలి?

అన్నిటికంటే ముఖ్యంగా, మేం కొత్తగా ఏదో వరం అడగడం లేదు. రాజ్‌నాథ్ సింగ్ గారు 2021 జూన్‌లో ఆమోదించిన విధానం మీ శాఖదే. యుద్ధ డైరీలు, ఆపరేషన్ రికార్డు పుస్తకాలు చరిత్ర విభాగానికి చేరాలని, మామూలుగా 25 ఏళ్లకు వాటిని తెరవాలని, అంతకంటే పాతవి నిపుణులు పరిశీలించి, చరిత్ర సంకలనం అయ్యాక నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలని అందులో ఉంది. యుద్ధం ముగిసిన రెండేళ్లలో కమిటీ వేయాలని, ఆ తర్వాత మూడేళ్లలో చరిత్ర సంకలనం చేయాలని కూడా ఉంది. కార్గిల్‌కు కూడా 2024తో 25 ఏళ్లు దాటాయి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) అయితే 20 ఏళ్లు దాటిన సంఘటనల సమాచారాన్ని, కొన్ని మినహాయింపులు పోను, ఇవ్వాల్సిందేనంటోంది. రాసుకున్నది అమలు చేయమనే అడుగుతున్నాం.

కాబట్టి మా కోరికలు ఇవి. ముందుగా ఒక జాబితా విడుదల చేయండి: 25 ఏళ్లు దాటిన వాయుసేన రికార్డుల్లో ఏవి ఆర్కైవ్స్‌కు చేరాయి, ఏవి మీ దగ్గరున్నాయి, ఏవి పోయాయి. పోయినవాటిని పోయాయనే చెప్పండి, అది తెలిస్తే వాటి కోసం తిరగడమైనా మానేస్తారు. 1947-48, 1965, 1971 యుద్ధాల్లో ప్రతి స్క్వాడ్రన్‌లో, ప్రతి మెయింటెనెన్స్ యూనిట్‌లో ఉన్న ఎయిర్‌మెన్ పేర్లు, ట్రేడులతో సహా, ఇంటర్నెట్‌లో పెట్టండి. ఆఫీసు దగ్గర కాగితం లేకపోతే ఆ నష్టం పింఛను అడిగే మనిషి మీద పడకూడదని, డిశ్చార్జ్ బుక్‌లో ఉన్న యూనిట్, ట్రేడు, తేదీలనే ఆధారంగా తీసుకోవాలని అన్ని ఆఫీసులకూ స్పష్టంగా ఉత్తర్వులు ఇవ్వండి. ప్రమాదాల్లో పోయినవాళ్ల కుటుంబాలకు విచారణలో తేలిన విషయాలు, భద్రతకు సంబంధించినవి తీసేసి అయినా సరే, రాతపూర్వకంగా వాళ్ల భాషలో ఇవ్వండి.

వీటిలో అన్నిటికంటే తొందరగా చేయాల్సింది ఇంకొకటి ఉంది. 1971లో ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు దాదాపు 75 ఏళ్లు. 1965లో ఉన్నవాళ్లు చాలామంది ఎనభై దాటారు. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, మాజీ సైనికుల జాబితా వాళ్ల దగ్గరే ఉంటుంది. అక్కడ ఒక మనిషిని, ఒక రికార్డర్‌ను పెట్టి, ముందు 75 దాటినవాళ్లతో మొదలుపెట్టి, వాళ్ల మాటలు వాళ్ల భాషలోనే రికార్డు చేయించండి. ఇంగ్లీషులో చెప్పమని కూర్చోబెడితే చెప్పరు, రెండు ముక్కలు చెప్పి లేచిపోతారు. మా నాన్నను తెలుగులో అడిగితే, ఏ ఇంజిన్ ఏ చలికి ఎలా మొరాయించేదో గంటసేపు చెబుతారు. ఆ పనికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఈ లేఖ చదివే మామూలు జనానికి కూడా ఒక మాట. మీ ఇంట్లో ఎయిర్‌ఫోర్సులో చేసిన పెద్దవాళ్లుంటే, ఏ ర్యాంకులో రిటైరైనా సరే, ఆ డిశ్చార్జ్ బుక్‌ను ప్రతి పేజీ ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. గ్రూపు ఫోటోలు ఉంటే వెనకాల పేర్లు రాయించండి, గుర్తున్నంతవరకూ. ఫోన్‌లో వాళ్ల మాటలు రికార్డు చేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మీరూ ఒక అర్జీ పెట్టి, దానికి రసీదు తీసుకోండి.

మంత్రిగారూ, వాయుసేనాధిపతిగారూ, మొదట అడిగిన ఆ జాబితా ఏ తేదీకి ఇస్తారో తెలియజేస్తూ జవాబు ఇవ్వండి. పరిశీలనలో ఉందన్న జవాబు మా దగ్గర ఇప్పటికే ఉంది.

ఇట్లు,
ఒక ఇంజిన్ ఫిట్టర్ కొడుకు